తుప్పు పట్టు

నాలుగు నట్లూ ఊడి వచ్చి వీల్ కప్పులో గలగలమంటున్నాయి. కారు ముందు ఎడమ మూల జాకీ మీద లేచి ఉంది. డిక్కీలోంచి దించిన స్టెప్నీ పక్కనే ఇసుకలో పడుకుని ఉంది. చక్రం మాత్రం కదల్లేదు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రపు రోడ్డు అది. కారు మా బావది. పాతికేళ్లు దాటిన చిన్న బండి, పన్నెండు అంగుళాల ఇనప రిమ్ములు. బావ ఇల్లు సముద్రానికి కూతవేటు దూరం, బండి ఎప్పుడూ ఆరుబయటే ఉంటుంది. పంచరైన చక్రం మారుద్దామని కూచున్నాం. నట్లు తేలిగ్గానే వచ్చాయి. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని లాగాం, ఊపాం, తిట్టాం. బావ కాలితో నాలుగు తన్నులు తన్నాడు. ఐదో తన్నుకి ఊగింది చక్రం కాదు, జాకీ మీదున్న కారు. అప్పుడు భయమేసి ఆగాం.

రోడ్డుకి అవతల పంచరు షాపు పెద్దాయన చాలాసేపటి నుంచి మమ్మల్ని చూస్తున్నట్టున్నాడు. లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు.

"కర్ణుడి సక్రం నేల్లో దిగబడిపోనాది. మీది బండిలోనే దిగబడిపోనాదేటి బాబూ?"

చక్రాన్ని ఒక లాగు లాగుతాడేమో అనుకున్నాం. ఆయన ఊడదీసిన నట్లు తీసి మళ్లీ ఎక్కించడం మొదలెట్టాడు. "విప్పమంటే బిగిస్తాడేంట్రా," అని బావ నా చెవిలో గొణిగాడు. నాలుగు నట్లనూ వేళ్లతోనే ఆనేదాకా తిప్పి, ఒక్కోదాన్నీ ఒక్క చుట్టు వెనక్కి వదిలాడు. జాకీ దించాడు. బావని స్టీరింగు దగ్గర కూచోబెట్టి, ఆ ఖాళీ స్థలంలోనే నడక వేగంలో నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి పోనిమ్మన్నాడు. పోనిచ్చిన ప్రతిసారీ బ్రేకు వెయ్యాలి, మధ్యలో స్టీరింగు అటూ ఇటూ తిప్పాలి. రెండోసారి వెనక్కి వస్తుండగా లోపలెక్కడో 'టక్'మంది. మళ్లీ జాకీ ఎత్తి నట్లు తీస్తే, చక్రం దానంతటదే ఆయన చేతుల్లోకి ఒరిగింది.

మేం గంట సేపు చేసినదాని కన్నా ఆయన ఎక్కువ బలమేమీ పెట్టలేదు. అసలు ఆయన బలమే పెట్టలేదు. మరి ఆ 'టక్' ఎక్కడిది?

ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచేదేమిటో చూద్దాం. నట్లు అని ఎవరైనా చెబుతారు. నిజమే గానీ, అవి పట్టే తీరు మనం అనుకునేది కాదు. గోడమేకుకి చొక్కా వేలాడినట్టు, నట్లు ఎక్కే మరమేకులకి, అంటే స్టడ్లకి, చక్రం వేలాడటం లేదు. నట్టు బిగిస్తే స్టడ్డు సాగుతుంది. రబ్బరు బ్యాండు సాగినట్టే, కాకపోతే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. సాగిన ఉక్కు మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడుతో రిమ్మును తీసుకెళ్లి హబ్బుకి, అంటే చక్రం ఆనుకునే బండి వైపు బిళ్లకి, అదిమి పెడుతుంది. చిన్న కార్ల నట్లను సాధారణంగా 80 నుంచి 110 న్యూటన్-మీటర్ల టార్క్‌తో, అంటే అంత మెలితిప్పే బలంతో, బిగిస్తారు. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద 100 న్యూటన్-మీటర్లు పెడితే పుట్టే లాగుడు సుమారు 40,000 న్యూటన్లు. నాలుగు టన్నుల బరువు వేలాడదీసినంత అన్నమాట. నాలుగు నట్లకీ కలిపితే పదహారు టన్నులు! మా బావ కారు మొత్తం కలిపి ముప్పాతిక టన్ను కూడా తూగదు. బండి బరువునీ, బ్రేకు కుదుపునీ, మలుపులోని తోపునీ మోసేది ఈ అదుముడు వల్ల రిమ్ముకీ హబ్బుకీ మధ్య పుట్టే ఘర్షణే.

ఇంకో విచిత్రం ఉంది. పానా మీద మనం వంద రూపాయల శ్రమ పెడితే, స్టడ్డుని సాగదీయడానికి చేరేది సుమారు పది రూపాయలే. యాభై దాకా నట్టు కింద రాపిడికి పోతుంది, నలభై మరల్లో రాపిడికి పోతుంది. మరల్లోకి తుప్పు చేరిందంటే ఆ నలభై కాస్తా నాలుగొందలు కావచ్చు. అందుకే ఏళ్ల తరబడి విప్పని నట్టు మీద పానాకి పైపు తొడిగి ఎక్కి నిలబడాల్సి వస్తుంది. 70 కిలోల మనిషి అర మీటరు పైపు చివర నిలబడితే నట్టు మీద సుమారు 340 న్యూటన్-మీటర్లు పడుతుంది. ఆ పని చక్రం నేల మీద ఉండగానే చెయ్యాలి. జాకీ ఎత్తాక చేస్తే చక్రమూ తిరుగుతుంది, కారూ జాకీ మీంచి దిగుతుంది. నిలబడేముందు మర ఏ వైపుదో కూడా చూసుకోవాలి. పాత డాడ్జి, ప్లిమత్ కార్లకీ, చాలా పాత లారీలకీ ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మరవి. సైకిలు ఎడమ పెడలుకి ఉన్నట్టే. వాటిని విప్పుతున్నామనుకుని బిగించి, స్టడ్డు విరగ్గొట్టుకున్న వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

సరే, నట్లు వచ్చేశాయి. పదహారు టన్నుల అదుముడూ మాయమైంది. ఇక చక్రం రాకూడని కారణమే లేదు. కానీ హబ్బు మధ్యలో గుండ్రంగా పొంగినట్టు ఒక చిన్న గట్టు ఉంటుంది. రిమ్ము మధ్య రంధ్రం సరిగ్గా దాని మీద కూచుంటుంది, చక్రం కేంద్రం తప్పకుండా తిరగడానికి. రెండింటి మధ్య ఖాళీ అటు ఇటు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటే గొప్ప. ఆ ఖాళీలోనే ఉంది కథంతా.

తుప్పు గురించి మనకి రెండు మాటలున్నాయి. ఇనుమును తుప్పు తినేసిందంటాం, ఇనుముకు తుప్పు పట్టిందంటాం. బడిలో పాఠం చెప్పేటప్పుడు మొదటిదాన్నే పట్టుకుంటాం. ఇనుము అరిగిపోతుంది, చిల్లులు పడుతుంది, నష్టం అని. ఇరుక్కున్న చక్రం దగ్గర పనికొచ్చేది రెండో మాట. అక్కడ తుప్పు తినేది చాలా తక్కువ, పట్టేది చాలా ఎక్కువ.

లెక్క వేసి చూడండి. ఒక ఘన సెంటీమీటరు ఇనుము 7.87 గ్రాములు తూగుతుంది. తుప్పుగా మారేటప్పుడు దానికి గాలిలోని ఆక్సిజన్, నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ వచ్చి చేరతాయి. మొత్తం పన్నెండున్నర గ్రాములవుతుంది. తుప్పు ఇనుమంత చిక్కనిది కాదు. ఘన సెంటీమీటరుకి నాలుగు గ్రాముల పైచిలుకు తూగుతుంది. అంటే ఒక ఘన సెంటీమీటరు ఇనుము దాదాపు మూడు ఘన సెంటీమీటర్ల తుప్పయి కూచుంటుంది. మధ్యలో గుల్లలు, పట్టి ఉంచిన నీరు కూడా కలుపుకుంటే ఆరు రెట్ల దాకా ఉబ్బవచ్చు. సముద్రం దగ్గర పాత అపార్టుమెంట్లలో బాల్కనీ శ్లాబు కింద పెచ్చులు ఊడి, లోపలి ఇనప చువ్వలు బయటపడటం మీరు చూసే ఉంటారు. చువ్వ ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి పగలగొట్టిన గుర్తు అది. కాంక్రీటునే పగలగొట్టేది, రిమ్మును వదులుతుందా?

ఇప్పుడు హబ్బు గట్టు దగ్గరికి వద్దాం. ఖాళీ 50 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. ఇనుము మందం ఒక మైక్రాను పోతే మూడు మైక్రాన్ల తుప్పు వస్తుంది, అంటే నికరంగా రెండు మైక్రాన్ల ఖాళీ పూడుతుంది. 25 మైక్రాన్ల ఇనుము తుప్పు పట్టేసరికి ఖాళీ పూర్తిగా నిండిపోతుంది. మనిషి తల వెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే అందులో మూడో వంతు! రెండు లోహాలూ చెరి సగం ఇస్తే ఒక్కోదాని నుంచి ఆరో వంతు చాలు. ఏ కొలబద్దకీ అందనంత నష్టం. అక్కడి నుంచి పుట్టే ప్రతి మైక్రాను తుప్పూ ఉండటానికి చోటు లేక, అటు హబ్బునీ ఇటు రిమ్మునీ నెడుతూనే ఉంటుంది.

ఆ నెట్టుడు ఎంతో ఉండనక్కర్లేదు. రంధ్రం వ్యాసం 60 మిల్లీమీటర్లు, గట్టు ఎత్తు 6 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆనిక వైశాల్యం 1,100 చదరపు మిల్లీమీటర్ల పైన ఉంటుంది. చదరపు మిల్లీమీటరుకి కేవలం కిలో బరువంత నెట్టుడు ఉన్నా మొత్తం 1,100 కిలోలు. గరుకు తుప్పు మీద ఘర్షణ అందులో సగం అనుకుంటే, చక్రాన్ని నేరుగా లాగడానికి అర టన్నుకు పైగా బలం కావాలి. నేనూ మా బావా కలిసి లాగితే ఎంతొస్తుందో ఇక్కడ రాయను.

సముద్రం పక్కన ఇదెందుకంత తొందరగా జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. గాలి ఎంత తినేస్తుందన్న దాన్ని బట్టి ప్రదేశాలను వర్గాలుగా విడగొట్టే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 9223. అందులో మధ్యస్థమైన చోట మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్లు పోతుంది. మరీ తీవ్రమైన తీరప్రాంతాల్లో 80 నుంచి 200 దాకా పోతుంది. మన వెంట్రుకలో మూడో వంతు అక్కడ కొన్ని నెలల పని.

ఉప్పు చేసే పనులు మూడు. నీటిలో విద్యుత్తు సులువుగా పారేలా చేస్తుంది. తుప్పు పట్టడమంటే ఇనుము మీద చిన్న చిన్న బ్యాటరీలు నడవడమే కాబట్టి వాటికిది పండగ. లోహం మీద సహజంగా ఏర్పడే సన్నటి రక్షణ పొరను దానిలోని క్లోరైడు ఛేదిస్తుంది. మూడోది నాకు అన్నిటికన్నా గడుసుగా కనిపిస్తుంది. ఉప్పు గాలిలోంచే నీళ్లు తాగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే వంటింటి ఉప్పు తనంతట తానే చెమ్మగిలి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం చాలు. వాన పడక్కర్లేదు, కారు కడగక్కర్లేదు. విశాఖ గాలిలో ఆ సందు ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

ఈ విషయాల మీద మన దేశంలో పెద్ద పని జరిగింది తమిళనాడులోని కారైకుడిలో. అక్కడి కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకి 1948లో పునాది పడింది, అళగప్ప చెట్టియార్ ఇచ్చిన భూమిలో. 1953లో తలుపులు తెరిచారు. రామేశ్వరం దారిలో మండపం దగ్గర సముద్రపుటొడ్డున లోహపు పలకలను వరసగా ఎండకీ గాలికీ ఆరేసి, ఏది ఎంత పోయిందో తూచి చూస్తారు. దేశం మొత్తానికీ తుప్పు పటం గీసింది కూడా వాళ్లే.

సముద్రం లేని చోట మనుషులే ఉప్పు చల్లుకుంటారు. అమెరికా ఉత్తరాదిన, కెనడాలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు పోస్తారు. మిషిగన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకి ఆ తెల్లటి చారలు తెలిసినవే. కార్ల నగరం డెట్రాయిట్ కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో పెద్ద ఉప్పు గని ఉంది. పైన తయారైన బండ్లను తినే ఉప్పు కిందనే తయారుగా ఉందన్నమాట. నేను కల్పించి చెప్పినా ఇంత బాగా అతికేది కాదు.

గాలి ఆడని సందులో తుప్పెలా పడుతుందన్న సందేహం రావాలి. తుప్పుకి ఆక్సిజన్ కావాలి కదా. కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ 1920ల్లో చేసిన ప్రయోగం దీనికి జవాబు. మీరూ చేసుకోవచ్చు. ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్దిన ఇనప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేసి వదిలేయండి. ఇంట్లో దోసెల పెనం మీద మాత్రం వద్దు. కాసేపటికి చుక్క కింద గోధుమరంగు ఉంగరం కనిపిస్తుంది. ఆక్సిజన్ బాగా అందేది చుక్క అంచున. ఇనుము కరిగేది మాత్రం ఆక్సిజన్ అందని నడిమధ్యలో. కరిగిన ఇనుము బయటికి, అంచున పుట్టిన క్షారం లోపలికి నడిచి, రెండూ కలిసిన చోట తుప్పు పేరుకుంటుంది. హబ్బు సందులోనూ అంతే. గాలి తగిలే సందు మూతి ఒక కొస, గాలి తగలని లోపలి భాగం ఇంకో కొస. లోపల ఇనుము కరుగుతుంది, మూతి దగ్గర తుప్పు బిరడాలా బిగుస్తుంది. పైనుంచి చూస్తే సన్నటి గోధుమ గీత తప్ప ఏమీ కనపడదు.

రిమ్ము అల్యూమినియం మిశ్రమలోహానిదైతే వ్యవహారం ఇంకో మలుపు తిరుగుతుంది. దానికి తుప్పు పట్టదని అందరి నమ్మకం. విడిగా ఉంటే నిజమే. ఇనప హబ్బుని ఆనుకుని, మధ్యలో ఉప్పుతడి ఉంటే మాత్రం రెండు లోహాలూ ఒక బ్యాటరీ అవుతాయి. ఎలక్ట్రానులను సులువుగా వదులుకునేది అల్యూమినియం కాబట్టి అదే కరుగుతుంది, ఇనుము బతికిపోతుంది. కరిగిన అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. దాని పరిమాణమూ అసలు లోహానికి మూడు రెట్ల పైనే. తెల్లగా ఉంది కదా అని తుప్పు కాదనుకుంటే పొరపాటు, పట్టు అదే.

రెండు లోహాల ఈ కాపురానికి బాగా పేరున్న ఉదాహరణ న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా ప్రతిమ. పైన రాగి తొడుగు, లోపల ఐఫెల్ కట్టిన ఇనప చట్రం. అవి తాకకుండా మధ్యలో లక్క పూసిన ఆస్బెస్టాస్ పెట్టారు. కాలం గడిచేకొద్దీ ఆ పొర పాడై, సముద్రపు తడి చేరి, రాగి పక్కనున్న ఇనుము తుప్పు పట్టింది. పట్టి ఊరుకుందా? ఉబ్బిన ఇనప పట్టీలు, తమను రాగి తొడుగుకి కట్టి ఉంచిన రివెట్లను బయటికి పెరికేశాయి. శతజయంతి కోసం 1984 నుంచి 1986 వరకు మరమ్మతు చేసి, ఆ పట్టీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. మా బావ కారు హబ్బులో ఉన్న జబ్బే, ఆకారమే పెద్దది.

ఇక వదిలించడం.

తుప్పు పొర ఒక రకంగా ఎండిన మట్టిపెడ్డ లాంటిది. అదిమితే ఎంతైనా ఓర్చుకుంటుంది. విరిస్తే విరుగుతుంది, ఒక్క బీట పడితే ఆ బీట పాకుతుంది. నిదానంగా, నేరుగా లాగడమంటే దానికి బాగా చేతనైన చోట దానితో కుస్తీ పట్టడం. దాని బలహీనత ఇటూ అటూ విరుపులో ఉంది. చక్రం అంచు దగ్గర ఒక్క తన్ను తన్నితే ఏమవుతుందో చూడండి. కేంద్రం నుంచి టైరు అంచుకి సుమారు 27 సెంటీమీటర్లు. రంధ్రం అడ్డుకొలత 6 సెంటీమీటర్లు. అంచున 50 కిలోల తోపు పడితే, రంధ్రం అంచు దగ్గర అది 220 కిలోల పైన విరుపవుతుంది. తన్నడం మూర్ఖత్వమేమీ కాదన్నమాట, మా బావ మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు. కానీ మధ్యలో టైరు ఉంది. మూడు కిలోల సమ్మెట సెకనుకి ఐదు మీటర్ల వేగంతో వచ్చి ఇనుముకి తగిలి సెకనులో వెయ్యో వంతులో ఆగిందనుకోండి, పుట్టే బలం 15,000 న్యూటన్లు. అదే రబ్బరు మీద పడి అందుకు ఇరవై రెట్ల సమయంలో ఆగితే 750 న్యూటన్లే. ఇనుము మీద నేరుగా కొడితే రిమ్ము సొట్టబోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు లోపలి వైపు నుంచి, రిమ్ముకి అడ్డంగా చెక్క దిమ్మ పెట్టి కొడతారు. చెక్క దెబ్బను పంచుతుంది గానీ రబ్బరులా మింగెయ్యదు. ఒక దెబ్బ పైన, ఒక దెబ్బ కింద, చక్రాన్ని కాస్త తిప్పి మళ్లీ. నట్లు మాత్రం రెండు మరల మీద ఉంచే కొట్టాలి, లేకపోతే వచ్చిన చక్రం కాలి మీదికే వస్తుంది.

పెద్దాయన చేసినది ఇదే పని, సమ్మెట లేకుండా. నట్లు వదులు చేసి బండిని దించగానే, ఆ మూల మీది రెండొందల కిలోల బరువు తుప్పు పొర మీద కూచుంది. బండి కదిలి మలుపు తిరిగితే నేల టైరుని పక్కకి తోస్తుంది. ఆ తోపు కేంద్రానికి 27 సెంటీమీటర్ల కింద పడుతుంది కాబట్టి అదీ విరుపే. స్టీరింగు అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. అన్నిటికన్నా అందమైన సంగతి, చక్రం దొర్లేకొద్దీ ఆ విరుపు రంధ్రం చుట్టూతా తిరిగి వస్తుంది. సమ్మెటతో ఏ మూల వదిలేస్తామో దాన్ని కూడా వదలదు. తీగను వంచి వంచి విరిచినట్టు, చుట్టు మీద చుట్టు తిరిగేసరికి తుప్పు పొర అంతటా బీటలు వారింది. మేం విన్న 'టక్' అదే. రిమ్ము నట్ల దాకా మాత్రమే జరగగలదు కాబట్టి ఊడి పడే భయం లేదు. అయితే ఇది నాలుగడుగుల పని. ఖాళీ చోట, నడక వేగంలో. ఆ నట్లతో రోడ్డెక్కి మెకానిక్ దాకా వెళ్దామనుకునేవాళ్లకి ఈ అధ్యాయం వర్తించదు.

బీటలు వారాక లాగే తీరు మళ్లీ వేరు. పాత టేకు బీరువా సొరుగును ఒక చెవి పట్టుకుని లాగితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది చూడండి. వెడల్పు ఎక్కువ, పట్టు లోతు తక్కువ అయిన ప్రతిదానికీ ఆ గుణం ఉంటుంది. చక్రమూ అంతే. తుప్పు విరగ్గొట్టేటప్పుడు వంకరగా, బయటికి తీసేటప్పుడు రెండు చేతులా తిన్నగా. చాలామంది వరస తిరగేస్తారు.

నూనె పోస్తే రాదా అంటారు. వస్తుంది, ఓపికుంటే. సన్నటి సందులోకి ద్రవం ఎంత లోతుకి పాకుతుందో 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త సూత్రం రాశాడు. లోతు, సమయపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, గంటలో రెండు మిల్లీమీటర్లు పాకిన నూనె నాలుగు మిల్లీమీటర్లకి నాలుగు గంటలు, ఆరు మిల్లీమీటర్లకి తొమ్మిది గంటలు తీసుకుంటుంది. ద్రవం ఎంత పలచగా ఉంటే అంత మేలు. కిరోసిన్, డీజిల్ పాకినట్టు ఇంజనాయిల్ పాకకపోవడానికి కారణం అదే. అందరూ వాడే డబ్ల్యూడీ-40 పుట్టింది నట్ల కోసం కాదు. 1953లో శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ దాన్ని తయారుచేసింది. అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా తడిని తోసెయ్యడానికి వాడారు. నీటిని తోసే నలభయ్యో ప్రయత్నం కాబట్టి ఆ పేరు. ఏ నూనైనా సరే, చుక్కలుగా, హబ్బు గట్టు చుట్టూ మాత్రమే. బ్రేకు డిస్కు మీదో, డ్రమ్ములోకో పోయిందంటే చక్రం వస్తుంది గానీ బండి ఆగదు.

వేడి సంగతి మన ఊళ్లలో ఏ కమ్మరి కొలిమి దగ్గర అడిగినా చెబుతారు. ఎద్దుబండి చక్రానికి ఇనప పట్టా వేసేటప్పుడు పట్టాను చక్రం కన్నా కాస్త చిన్నగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు తొడిగి, నీళ్లు పోస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది, పట్టా ముడుచుకుని పూటీలనూ ఆకులనూ కుంభానికేసి బిగిస్తుంది. 1,400 మిల్లీమీటర్ల చక్రానికి 400 డిగ్రీల వేడి పెంచితే ఉక్కు వ్యాసం దాదాపు ఏడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన 60 మిల్లీమీటర్ల రంధ్రం వంద డిగ్రీలకి పెరిగేది 0.07 మిల్లీమీటర్లే. చిన్నదే గానీ అక్కడి ఖాళీలన్నీ ఆ కొలతలోనివే. అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి ఇరుక్కున్న అల్లాయ్ చక్రం మధ్యలో మరిగే నీళ్లు పోస్తే ఒక్కోసారి వదులుతుంది. పైపెచ్చు నీళ్లు ఉప్పును కూడా కడుగుతాయి. గ్యాసు మంట మాత్రం వద్దు. టైరు ఎక్కి ఉన్న రిమ్మును మంటతో కాల్చితే లోపలి రబ్బరు ఉడికి మండే వాయువులు పుడతాయి. మంట ఆపేసిన తర్వాత కూడా పేలి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. దీని మీద బేరాల్లేవు.

పెద్దాయన చక్రం తీశాక స్టెప్నీ ఎక్కించే ముందు వైరు బ్రష్షుతో హబ్బు గట్టుని గీకాడు. (స్టెప్నీ అన్న మాట 1904 నాటిది. అప్పట్లో కార్లకి విడి చక్రం ఉండేది కాదు. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధిలో ఒక విడి చక్రం తయారుచేసి అమ్మారు. ఇంగ్లండులో ఆ మాట పోయింది, మన దగ్గర బతికింది.) రాలిన తుప్పు కాఫీపొడిలా అరచేతిలోకి వచ్చింది. ఇంతా చేసి చెంచాడు లేదు. తర్వాత చూపుడు వేలితో చిటికెడు గ్రీజు తీసి గట్టు చుట్టూ మాత్రం సన్నగా రాసి, మిగిలింది కాగితంతో తుడిచేశాడు.

"స్టడ్లకీ రాయకపోయావా," అన్నాడు బావ. కందెన ఎక్కువైతే తప్పేముందని మన నమ్మకం.

"మరలకి రాత్తే నట్టు దాటిపోద్ది బాబూ," అన్నాడాయన.

అంతకన్నా పొట్టిగా చెప్పలేం. మరల్లో రాపిడి తగ్గితే, పానా మీద అదే టార్క్‌కి స్టడ్డు సగానికి సగం ఎక్కువ సాగిపోవచ్చు. పదహారు టన్నులనుకున్నది ఇరవై నాలుగవుతుంది. రిమ్ము, హబ్బు ఆనుకునే చదును ముఖానికీ రాయకూడదు. బండిని మోసే ఘర్షణ అక్కడే ఉంది మరి. అల్యూమినియం చక్రానికైతే రాగి పొడి కలిసిన గ్రీజు కూడా వద్దు. స్వేచ్ఛా ప్రతిమ కథ గుర్తుందిగా, రాగి పక్కన ఇనుమో అల్యూమినియమో నిలబడితే చివరికి కరిగేది ఆ పక్కదే.

ఇంటికి వెళ్లాక మిగతా మూడు చక్రాలూ ఊడదీసి చూద్దామన్నాను. పదివేల కిలోమీటర్లకోసారి టైర్లు మార్చి వేసుకునే అలవాటున్న బండికి ఈ బాధే రాదు. మా బావకి ఆ అలవాటు లేదు. ఈసారి పంచరైన చక్రాన్ని కారు కిందికి తోసి, మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ఒక్కోటీ విప్పాం. రెండు చక్రాలు చేత్తోనే వచ్చాయి. వెనక కుడి చక్రం రాలేదు. గేటు ముందు జాగాలో ముందుకీ వెనక్కీ నడిపాం, అప్పటికీ రాలేదు. హబ్బు గట్టు చుట్టూ డీజిల్ చుక్కలు వేసి, వాష్‌బర్న్ లెక్క ప్రకారం పొద్దున్నకి చాలునని చెప్పాను.

రాత్రి పదింటికి బయట దడేల్‌మని చప్పుడైంది. బావ టార్చిలైటు పట్టుకుని చక్రాన్ని తంతున్నాడు.

"ఇంకా ఎన్ని గంటలన్నావు?"